మూడు నూర్ల పెట్టె

ఆ రోజుల్లో నాకు కొత్తగా చదువు వచ్చింది. కొత్తగా సైకిలు నేర్చుకున్నవాళ్లు పనున్నా లేకున్నా వీధులన్నీ తిరిగినట్టు, నేను కంటబడిందల్లా చదివేదాన్ని. సబ్బు కవరు, బస్సు బోర్డు, మందు సీసా, గోడ మీద "ఇక్కడ చెత్త వేయరాదు", ఏదైనా సరే. వయసు మాత్రం అప్పటికే నలభై రెండు. అందుకని పైకి చదివేదాన్ని కాదు, పెదవి కదలకుండా లోపలే చదువుకునేదాన్ని. తప్పు చదివితే నవ్వుతారని భయం. ఇప్పుడు తీరిగ్గా రాస్తున్నాను గానీ, ఆ భయం వల్ల ఒక తల్లి ఆఖరి నవ్వు ఈ లోకంలో లేకుండా పోయేదే.

సేద్యం కలిసిరాక రాజుపాలెం దగ్గరి పల్లె వదిలి ప్రొద్దుటూరు వచ్చాక, మా చిన్నమ్మ కొడుకు ఫొటో స్టూడియోలో పనికి కుదిరాను. ఊడవడం, తుడవడం, పెళ్లి ఆల్బమ్‌లకు అట్టలు అంటించడం నా పని. గిరాకీ లేని మధ్యాహ్నాల్లో తమ్ముడి భార్య ఆ అట్టల మీది పేర్లతోనే నాకు అక్షరాలు నేర్పింది. (అందరికీ 'అమ్మ', 'ఆవు'తో చదువు మొదలైతే నాకు 'చి.ల.సౌ.'తో మొదలైంది.) అట్టల మీద ఇంగ్లీషు కూడా వేస్తారు గనక ఆ పెద్ద అక్షరాలు కూడా సగం పట్టుబడ్డాయి.

పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేయడానికి తమ్ముడి దగ్గర ఒక ముసలి కంప్యూటరు ఉండేది. అది నడిచేసరికి పెళ్లికూతురు సీమంతం వీడియోకి వచ్చేలా ఉందని గిరాకీలు దెప్పేవాళ్లు. తమ్ముడు ఆ మాటలు పడలేక, జమ్మలమడుగులో మూతబడిన ఒక గేముల సెంటరు నుంచి గ్రాఫిక్స్ కార్డు ఒకటి అట్టపెట్టెతో సహా తెచ్చాడు. రెండు చిన్న ఫ్యాన్లతో ఇటుకరాయంత ఉంది. కంప్యూటరు పక్క రేకు విప్పి, "అక్కా, బిగించేముందు లోపల దుమ్ము దులుపు" అన్నాడు. బ్రష్షుతో దులుపుతూ ఉంటే, లోపలికి కరెంటు పంచే ఇనప పెట్టె మీద కాగితం కనబడింది. అలవాటు కొద్దీ చదివాను. 300, పక్కన డబ్ల్యూ. కొత్త కార్డు అట్టపెట్టె మీద 450, పక్కన అదే డబ్ల్యూ. ఒక ట్రాన్స్‌ఫార్మరు మీద మోటార్లు ఎక్కువైతే ఏమవుతుందో పల్లెలో కళ్లారా చూసినదాన్ని. బ్రష్షు పట్టుకుని అక్కడే ఆగిపోయాను.

"ఏందక్కా, అట్ల నిలబడితివి?" అన్నాడు తమ్ముడు.

"ఏం ల్యా నాయనా. శానా దుమ్ముండాది" అన్నాను.

కార్డు బిగించాక రెండు రోజులు ఏమీ కాలేదు. నేనే తప్పు చదివానని స్థిమితపడ్డాను. మూడో రోజు పొద్దున్నే పులివెందుల నుంచి పెద్దాయన ఒకరు దిగారు. చీనీ, అంటే బత్తాయి తోటల రైతు. నెల కిందట ఆయన కూతురి పెళ్లికి వీడియో తీసింది మావాళ్లే. ఆ పెళ్లయిన కొన్నాళ్లకే ఆయన తల్లి పోయింది. ఆ ముసలమ్మ బతికినన్నాళ్లూ ఫొటో అంటే ముఖం తిప్పుకునేదట. మనవరాలి పెళ్లిలో మాత్రం కెమెరా వైపు చూసి నవ్వుతూ అక్షింతలు వేసింది. ఆయన మా దగ్గరికి వచ్చిన మర్నాడే ఆమె దినాలు. బంధువులందరికీ అది చూపించాలని ఆయన కోరిక. కెమెరాలోది ఎప్పుడో చెరిపేసి ఇంకో పెళ్లికి వాడేశారు. ఇక ఆమె ఉన్నది ఆ ముసలి కంప్యూటరులోనే.

"ఈడనే కూచుంటాలేప్పా. తయారుచెయ్యి" అని ఆయన బెంచీ మీద సర్దుకున్నారు.

తమ్ముడు మిక్సింగ్ మొదలుపెట్టాడు. ముసలమ్మ అక్షింతలు వేసేచోట ఆకాశం నుంచి పూలవాన కురిసేట్టు హంగులు పెట్టి ఉన్నాడు. సరిగ్గా అక్కడికొచ్చేసరికి కంప్యూటరు టప్పుమని ఆగిపోయింది. మళ్లీ వేశాడు. మళ్లీ పూలవాన దగ్గరే టప్పుమంది. చెబుదామా అంటే, మొన్నెందుకు చెప్పలేదని అడుగుతారు. మెల్లగా లేచి వెళ్లి ఫ్యాను ఆపాను. తర్వాత ట్యూబులైటు ఆపాను.

"ఏమ్మా, ఫ్యాను ఆపితివే?" అన్నారు పెద్దాయన, కండువాతో మెడ తుడుచుకుంటూ.

"లోడెక్కువైంది మామా. కంప్యూటరుకు చాల్తాండ్ల్యా" అన్నాను.

ఇంకొకరైతే నవ్వేవాళ్లు. ఆయన బోర్ల రైతు కదా, ఇట్టే అర్థమైపోయింది. "మా తోట కాడ గూడా ఇంతే. నేను మోటారేస్తే కిందోడు ఆపాల్సిందే" అని లేచి వీధిలోకి వెళ్లారు. ముందు పక్క టైలరు దగ్గరికి. "అప్పా, ఇస్త్రీపెట్టె ఆపు. మా యమ్మ బయటికి రావాల." తర్వాత జ్యూసు అంగడికి. "మిక్సీ ఆపితే జ్యూసెట్ల సామీ?" అని అతను మొత్తుకుంటే, "చేత్తో పిండు, చీనీకాయలు నేను పంపిస్తాలే" అన్నారు. అరగంటలో మా వరసలో ఒక్క ఫ్యాను తిరగలేదు. అందరూ చెమటలు కక్కుతూ మా గడప దగ్గర చేరారు. తమ్ముడు మాకు పిచ్చిపట్టిందన్నట్టు చూసి, మూడోసారి వేశాడు. ముసలమ్మ చెయ్యెత్తింది. పూలు రాలడం మొదలైంది. టప్.

ఈసారి తిరిగి వేస్తే లోపల వీడియోలు దాచిన డిస్కు కటకటమని పళ్లు కొరికింది. బొమ్మ రావడానికి చాలాసేపు పట్టింది. తమ్ముడు మీట మీంచి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "ఇంగొక్కసారి ఆగితే డిస్కే పోతాదేమోక్కా" అన్నాడు నాకు మాత్రమే వినపడేలా. పెద్దాయన మాత్రం తెర వైపే చూస్తున్నారు, బస్సులోంచి తల్లి దిగుతుందని ఎదురుచూసే పిల్లవాడిలాగ.

ఇక నా వల్ల కాలేదు. "నాయనా, ఆ కరెంటు పెట్టె మింద మూడునూర్లుండాది. కార్డేమో నాలుగునూర్ల యాభై అడుగుతాండాది" అన్నాను. జీవితంలో నేను పైకి చదివిన మొదటి అంకెలు అవే.

తమ్ముడు రేకు విప్పి, సెల్‌ఫోను లైటు వేసి చూశాడు. అట్టపెట్టె తిప్పి చూశాడు. "నువ్వెప్పుడు చూసినావు?"

"దుమ్ము దులిపిన పొద్దే."

"మరి చెప్పకపోతివే!"

"తప్పు చదివింటే నవ్వుతారని..."

తమ్ముడు నవ్వలేదు. "వీధంతా ఆపినా ఈ పెట్టె ఇచ్చేది మూడునూర్లే గదక్కా, పాత కార్డేమో అమ్మేస్తి" అన్నాడు నీరసంగా.

పెద్దాయన ముందుకు వంగి పెట్టెలోకి తొంగిచూశారు. "అట్లయితే ఆపాల్సిన మోటార్లు వీధిలో ల్యావప్పా, లోపలుండాయి. ఏమేం తిరుగుతాండాయో చూడు."

చూస్తే సీడీలు కొట్టే డబ్బాలు మూడు, వాడని పాత డిస్కులు రెండు, ముందువైపు సోకు కోసం పెట్టిన రంగుల లైట్లు. తమ్ముడు ఒక్కొక్క వైరే ఊడదీశాడు. పూలవాన కూడా తీసేశాడు. నాలుగోసారి మీట నొక్కేటప్పుడు జ్యూసు అంగడతను చేతిలో పిండిన చీనీకాయతో అలాగే నిలబడిపోయాడు. నేను తెర చూడలేక గోడవైపు తిరిగాను. టప్పు కోసం చెవులు రిక్కించాను. టప్పు రాలేదు. వెనక నుంచి పెద్దాయన గొంతు వచ్చింది. "అదిగో, మా యమ్మ."

తిరిగి చూశాను. పూలు లేవు, ఏ హంగూ లేదు. బోసినోటితో ముసలమ్మ నవ్వుతోంది.

ఆ తర్వాత తమ్ముడు పెద్ద కరెంటు పెట్టె కొని బిగించాడు. పులివెందుల నుంచి చీనీకాయల గంప వచ్చింది, సగం మాకు, సగం జ్యూసు అంగడికి. ఇప్పుడు నేను అన్నీ పైకే చదువుతాను. "అత్తా, అది ఉప్పు ప్యాకెట్టే, ఆపు" అని మా కోడలు విసుక్కున్నా ఆపను. (ఇంట్లో మిక్సీ వేస్తే మాత్రం నా చెయ్యి ఇప్పటికీ దానంతటదే ఫ్యాను స్విచ్చి మీదికి పోతుంది.) పాత మూడునూర్ల పెట్టె నా బీరువా పైనే ఉంది. దుమ్ము దులిపినప్పుడల్లా, బ్రష్షు పట్టుకుని నోరు బిగించుకుని నిలబడిన ఆ నలభై రెండేళ్ల పిచ్చిది గుర్తొస్తుంది. దాని ముందు నిలబడి "300 డబ్ల్యూ" అని గట్టిగా చదువుతాను. ఆమెకు వినపడాలని.