మిట్టమధ్యాహ్నం దించకూడని బ్రేకర్

2022 ఏప్రిల్‌లో నన్ను మదనపల్లెకు వేశారు. విద్యుత్ తనిఖీ శాఖలో సహాయక తనిఖీ అధికారి హోదా. మదనపల్లె, పుంగనూరు, కుప్పం మూడూ నా పరిధి. కరెంటు వల్ల మనిషో పశువో చనిపోతే ఆ చోటు చూసి, కారణం తేల్చి, నివేదిక రాయడం మా పని. మేము చేరేసరికి జరగాల్సిందంతా జరిగిపోయి ఉంటుంది. అందుకే మా జీపును చూసి ఏ ఊళ్ళోనూ ఎవరూ సంతోషించరు. అసలే నాకు కోపం ముక్కు మీద ఉంటుంది, ఆ ఉద్యోగంలో అది ఇంకాస్త ముదిరింది.

మే నెలలో తంబళ్లపల్లె దగ్గర రెడ్డెప్ప అనే టమోటా రైతు కాలి చనిపోయాడు. ఆయన బోరుకు సోలార్ పంపు ఉంది. మిట్టమధ్యాహ్నం బోరులో నీళ్ళు తగ్గి మోటారు గాలి పీలుస్తుంటే, షెడ్డులోకి పోయి బ్రేకర్ దించాడు. దించిన బ్రేకర్‌లోనుంచే మంట లేచింది. పక్కనున్న డ్రిప్పు పైపులు, గోతాలు అంటుకున్నాయి. ఆయన బయటికి రాలేకపోయాడు.

మరునాడు పొద్దున నేను వెళ్ళేసరికి, పరికరాలు సరఫరా చేసిన సంస్థ మనిషి ఒకడు ‘తడి చేత్తో ముట్టుకున్నాడు’ అని ఊరంతా చెప్పి పెట్టాడు. రెడ్డెప్ప భార్య చేని గట్టు, గెనిమ మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు. “ఆయప్ప చెయ్యి తడి లేదు సార్. అప్పుడే అన్నం తిని, నా కొంగుకే తుడుసుకోని పాయె. సచ్చిపోయినోడి మీద తప్పేస్తాండారు” అంది. చూడకుండా మాటివ్వడం మా పనిలో పనికిరాదు.

షెడ్డు గోడ మీద బ్రేకర్ కాలి మిగిలిన నల్లటి ముద్దను ఊడదీసి చూశాను. ఇక్కడ చదివేవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. ఇళ్ళలో ఉండే ఏసీ కరెంటు సెకనుకు ఎన్నోసార్లు సున్నాకు దిగి లేస్తుంది కాబట్టి, స్విచ్చి తీసినప్పుడు పుట్టే నిప్పురవ్వ తనంతట తానే ఆరిపోతుంది. సోలార్ పలకల నుంచి వచ్చే డీసీ అలా దిగదు, ఆ నిప్పు సాగుతూనే ఉంటుంది. దాన్ని ఆర్పడానికి కొన్ని డీసీ బ్రేకర్లలో చిన్న అయస్కాంతం పెడతారు. అది నిప్పును ఒక పక్కకు తోసి, ఇనుప రేకుల మధ్య ముక్కలు చేసి ఆర్పుతుంది. అయితే కరెంటు ఒక దిక్కునుంచి వస్తేనే ఆ తోపు సరైన పక్కకు పడుతుంది. తీగలు తిరగేసి బిగిస్తే అదే అయస్కాంతం నిప్పును బ్రేకర్ లోపలి ప్లాస్టిక్ మీదికి నెడుతుంది. విచిత్రమేమంటే, బ్రేకర్ మీట ఎత్తి ఉన్నంతకాలం ఏ తేడా కనపడదు. పంపు చక్కగా నడుస్తుంది. నిండు ఎండలో దించినప్పుడే మంట.

రెడ్డెప్ప షెడ్డులోని బ్రేకర్‌కు పలకల తీగలు కిందినుంచి రావాలి. ఆ రకం బ్రేకర్ల మీద ఆ గుర్తులు అచ్చువేసే ఉంటాయి. బిగించింది మాత్రం పైనుంచి.

బిగించినవాడు మస్తాన్, మదనపల్లెలో పేరున్న వైరింగు మేస్త్రీ. కబురు పెట్టకముందే వచ్చి గుంపులో నిలబడి ఉన్నాడు. ఎందుకిలా చేశావని అడిగితే, “ఇండ్లల్లో ఎప్పుడూ పైన వచ్చేది, కింద పొయ్యేది సార్. మా నాయన కాడ నేర్సుకున్నింది అదే. యాడా తప్పు రాలేదే” అన్నాడు. అతను అబద్ధమాడలేదు. ఏసీ బోర్డుల్లో అది మంచి అలవాటే. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. గుర్తులు చూడడానికి కళ్ళు లేవా అని అందరి ముందూ అరిచాను.

అంతలో అతని ఫోను మోగింది. పుంగనూరు నుంచి ఒక రైతు. “రెడ్డెప్ప కత వింటిమి అన్నా. మాకూ నువ్వే కదా బిగిచ్చింది? భయమైతాండాది, బ్రేకర్ దించేస్తాండా” అంటున్నాడు. ఫోను లాక్కుని, దాని జోలికి పోవద్దని కేక పెట్టాను. పంపు నడిపే కంట్రోలర్ పెట్టె మీద ఎర్ర బటన్ ఉంటుంది. ముందు అది నొక్కితే కరెంటు ప్రవాహం ఆగుతుంది. పొద్దుగూకేదాకా బ్రేకర్‌ను ముట్టుకోకపోతే చాలు.

అప్పుడు అర్థమైంది నాకు. చావు కబురు వాట్సాప్‌లో తిరుగుతోంది. భయపడ్డ ప్రతివాడూ చేసే మొదటి పని బ్రేకర్ దించడమే.

మస్తాన్‌ను జీపెక్కించాను. దారి పొడుగునా, తాను సోలార్ పంపులు బిగించిన రైతులకు ఒక్కొక్కరికీ ఫోను చేసి అదే మాట చెప్పాడు. కుప్పం వైపు, రామకుప్పం అడవి అంచున రాగులు, కూరగాయలు పండించే మునెమ్మ ఒక్కతే దొరకలేదు. అక్కడ సిగ్నల్ రాదు. ఆమె మొగుడు లేని మనిషి, ఒంటరిగా సేద్యం చేస్తోంది. పుంగనూరు దాటాక మస్తాన్ ఫోను పక్కన పెట్టి ఏడవడం మొదలుపెట్టాడు. నాకు తిట్టే ఓపిక కూడా పోయింది.

మేము చేరేసరికి ఎండ ఇంకా నడినెత్తిన ఉంది. మునెమ్మ షెడ్డు బయట కూర్చుని ఉంది. పక్క చేనివాళ్ళు ఆమె చేతుల మీద నీళ్ళు పోస్తున్నారు. రెండు చేతులూ మోచేతుల దాకా కాలాయి, ఒక కన్ను మూసుకుపోయింది. మస్తాన్ గొంతు విని తల అటు తిప్పింది.

“పక్క చేనోళ్ళు ఆ చావు కత సెప్పిరి, భయమాయె. నువ్వు సెప్పినట్టే జేస్తిని తమ్ముడా. బిగిచ్చిన పొద్దు, అనుమానమొస్తే ముందు ఆ మీట దించక్కా అంటివే, దించితిని. నేనేమన్నా తప్పు జేస్తినా?”

మస్తాన్ ఆమె కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. ఆమెను మేమే జీపులో కుప్పం ఆసుపత్రికి తీసుకుపోయాం. ప్రాణం నిలిచింది. ఆ కన్ను పోయింది. కుడి చేతి వేళ్ళు ముడుచుకుపోయి, మళ్ళీ కొడవలి పట్టలేదు.

నివేదికలో తడి చేయి అన్న మాట లేదు. తీగలు తిరగేసి బిగించడమే కారణమని, వాడినవారి తప్పేమీ లేదని రెండు చోట్లకూ రాశాను. మస్తాన్ లైసెన్సు నిలిపివేశారు. మిగిలిన షెడ్లలో, ఏ దిక్కునుంచి కరెంటు వచ్చినా ఆపగలిగే రకం బ్రేకర్లు పెట్టించాం.

తరువాత రిటైరయ్యేదాకా ఏ సోలార్ షెడ్డుకు పోయినా, తీగల దిక్కు చూడకుండా నేను సంతకం పెట్టలేదు. ఆ మే నెలలో నేర్చుకున్నది ఇంతే: ప్రమాదమొస్తే మీట దించమని ఎవరికైనా చెప్పేముందు, ఆ మీట నిండు ఎండలో ఆపగలదో లేదో చెప్పేవాడే తేల్చుకోవాలి. లేకపోతే ఆ పరీక్ష, చెప్పిన మాట విన్నవాళ్ళ చేతుల మీద జరుగుతుంది.