మా ఇసక పాడుకున్న బొమ్మ

మా తమ్ముడికి అమ్మానాన్నలు పెట్టిన పేరొకటుంది. దాన్ని పెళ్ళిపత్రిక మీద అచ్చు వేయించడమే గాని, నోరారా పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. అందరికీ వాడు ఇసకే. అన్నానికి కూచుంటే చొక్కా మడతల్లోంచి ఇసక, పడుకుని లేస్తే దిండు మీద ఇసక, గోళ్ళ సందుల్లో ఇసక. "నీ మొగుణ్ణి జల్లెడ పడితే ఒక గోడ లేస్తుందే" అని మా మరదల్ని ఏడిపించేదాన్ని. "లేపుకోండి వదినా, నాకు ఊడ్చే బాధ తప్పుతుంది" అనేది అది.

ఆ ఇసకంతా రాతి అచ్చు ప్రెస్సుది. ఇప్పటివాళ్ళకి ఆ పని తెలియదు కాబట్టి చెబుతాను. బల్లంత నున్నటి రాయి ఉంటుంది. దాని మీద చిత్రకారుడు జిడ్డు పెన్సిలుతో బొమ్మ గీస్తాడు. రాయిని తడిపి సిరా రోలరు దొర్లిస్తే జిడ్డున్న చోట సిరా అంటుకుంటుంది, తడి ఉన్న చోట అంటదు. కాగితం పరిచి మిషన్లో నొక్కితే బొమ్మ దిగుతుంది. చదువుకున్నవాళ్ళు దాన్ని లితోగ్రాఫ్ అంటారు. కావలసినన్ని కాగితాలు దిగాక ఆ రాయిని మా వాడి ముందుకు తోసేవారు. బొమ్మకో రాయి కొనాలంటే యజమాని ఇల్లు అమ్ముకోవాలి. అందుకని ఉన్న రాయి మీదే ఇసక చల్లి, నీళ్ళు పోసి, ఇంకో రాయిని బోర్లించి, బొమ్మ ఆనవాలు మాసిపోయేదాకా రుద్దాలి. అదీ మా వాడి ఉద్యోగం. నలుగురు గీస్తుంటే వీడొక్కడే చెరిపేవాడు.

కొత్త మిషన్లు వచ్చి ప్రెస్సు మూతపడ్డాక ఇళ్ళల్లో గచ్చులు పాలిషు పట్టే పనికి పోయాడు. అక్కడా రుద్దుడే. రాత అంటే అదే మరి.

మోకాళ్ళు అరిగి ఆ పని కూడా మానేశాక వాడికి వేలంపాటల పిచ్చి పట్టింది. ఫర్నిచరు కొట్టు పైన ఒక పెద్ద హాలుంది. పాత ఇళ్ళ సామాన్లు, గడియారాలు, చిత్రాలు అక్కడ వేలం వేస్తారు. మా వాడు పోయి ఎవరూ పాడని బొమ్మల కట్టలు పాడుకొచ్చేవాడు. చెమ్మ పట్టిన పడవ, అంచు చిరిగిన గుర్రం, పళ్ళ బుట్ట పట్టుకుని ఎందుకో నవ్వే అమ్మాయి. మంచం కింద అవే, అటక మీద అవే. ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఒక దారి. దానికి తోడు గడ్డం గీసుకునే అద్దం ఒకటి జేబులో పెట్టుకు తిరిగేవాడు. బొమ్మని తిన్నగా చూడడు, పక్కన అద్దం పెట్టి అందులో చూస్తాడు. రాతి మీద గీసింది కాగితం మీద ఎడమ కుడి తారుమారై దిగుతుంది గదా! వాడు జన్మంతా చూసింది రాళ్ళనే, కాగితాలని కాదు. అద్దంలో చూస్తేనే వాడికి పాత నేస్తంలా కనబడేది.

"పిచ్చి ముదిరింది, రోకలి తలకు చుట్టమన్నాడట. అద్దం దాకా వచ్చింది, రోకలి ఒక్కటే తక్కువ" అన్నాను ఒకరోజు.

"నీ దగ్గరుంటే తీసుకురా అక్కా" అన్నాడు, తల ఎత్తకుండానే.

వాడి పిచ్చికి మూలం నాకు తెలుసు. మరదలికీ తెలుసు. అందుకే ఇద్దరం అరిచేవాళ్ళం గాని ఆపేవాళ్ళం కాదు.

మా అమ్మ ఆ ప్రెస్సులోనే ఊడ్చే పని చేసేది. నాన్న పోయాక మమ్మల్ని సాకింది ఆ చీపురే. తమ్ముణ్ణి పనిలో పెట్టించిందీ ఆవిడే. అప్పటికి నాకు పెళ్ళయి వేరే ఊళ్ళో ఉన్నాను. సబ్బు డబ్బాల మీదికి బొమ్మలు గీసే చిత్రకారుడొకాయన ప్రెస్సుకి వచ్చేవాడు. ఒకరోజు ఆయన గీయాల్సిన డబ్బాల కొలతలు రాలేదట. ఊరికే కూచోలేక, చీపురు ఒళ్ళో పెట్టుకుని గుమ్మంలో కునుకు తీసి లేచిన మా అమ్మని ఖాళీ రాయి మీద గీశాడు. సరదాకి కాసిని కాగితాలు దింపి స్నేహితులకి పంచుకున్నాడు. రాయి ఇంకో పనికి కావలసొచ్చింది. "రుద్దెయ్" అన్నాడు మేస్త్రి. రుద్దాల్సింది మా తమ్ముడు. వాడు అప్పుడే పనిలో చేరాడు, కాదనే నోరు లేదు. నీళ్ళు పోసింది ఎవరనుకున్నారు? మా అమ్మే. నవ్వుతూ పోసిందట.

"గట్టిగా రుద్దరా. ఇన్నేళ్ళుగా నేను రుద్దుకున్నా పోని మసి, నువ్వన్నా పోగొట్టు" అందట.

అంతా పోయింది గాని కళ్ళు పోలేదు. జిడ్డు లోపలికి ఇంకితే అంతే, రాతిలో నీడ మిగిలిపోతుంది. మేస్త్రి వచ్చి చూసి, "కళ్ళు కనబడుతున్నాయి, మళ్ళీ పట్టు" అన్నాడు. మళ్ళీ పట్టాడు. కళ్ళు కూడా పోయాయి.

ఆ ఏడే అమ్మ జ్వరంతో పోయింది. ఆవిడకి ఫొటో అనేది లేదు. ఫొటో తీయించుకునే ఇల్లా మాది? ఎక్కడో ఎవరి గోడ మీదో, ఎవరి పెట్టె అడుగునో ఆ కాగితాల్లో ఒక్కటైనా మిగిలి ఉంటుందని వాడి ఆశ. ఉంటే అది తన చేతికి రావాలని వాడి పంతం. మిగతా పడవలూ గుర్రాలూ దారిలో తగిలిన చుట్టాలు.

ఆ చిత్రకారుడేమో పోయాక గొప్పవాడైపోయాడు. ఆయన గీసిన సబ్బు డబ్బా అట్ట కోసం కూడా కోటు వేసుకున్నవాళ్ళు కొట్టుకుంటున్నారు.

పోయిన చలికాలంలో ఒక పొద్దున వాడు మా ఇంటికొచ్చి కాఫీ కూడా అడక్కుండా, "అక్కా, చెప్పులేసుకో" అన్నాడు. వేలానికి ముందురోజు సరుకు చూసుకోనిస్తారు. ఆ హాలుకి తీసుకుపోయాడు. పొడుగు బల్ల మీద బొమ్మలు పరిచి ఉన్నాయి. మా మరదలు అప్పటికే అక్కడ నిలబడి ఉంది. వాడొక కాగితం చూపించాడు.

చీపురు ఒళ్ళో పెట్టుకున్న ఆడమనిషి. కూచున్న తీరు మా అమ్మదే. అయితే అమ్మకి ఎడమ కనుబొమని రెండుగా చీలుస్తూ ఒక గాటుండేది, చిన్నప్పుడు తలుపు తగిలి. బొమ్మలో గాటు కుడి కనుబొమకుంది.

"ఒరేయ్, ఈవిడెవరో వేరే. అమ్మ గాటు ఏ పక్కనో నాకు తెలియదా? ఆ పక్కనే కదా నేను పడుకునేదాన్ని" అన్నాను.

వాడు జేబులోంచి అద్దం తీసి బొమ్మ పక్కన నిలబెట్టాడు. అద్దంలోకి చూశాను.

ఇంక నేనేం చెప్పను. అమ్మ. పని మధ్యలో ఎవరో పిలిస్తే తలెత్తి, "ఆఁ, వస్తున్నా" అనబోయే ముందు పెట్టే ముఖం. నేను బల్ల మీదికి వంగిపోతే అక్కడి గుమాస్తా, "బల్ల మీద వాలకండి మామ్మా" అన్నాడు. "వాలితే విరిగేంత లావున్నానా?" అన్నాను. ఏడుపుని అలా మింగాను.

మరదలు ఫోను తీసింది. "ఫొటో తీసేసుకుందాం. అద్దంలోది కూడా తీసుకుందాం. కావలిస్తే గోడంత చేసి ఇస్తారట. ఎందుకండీ వేలం, ఆయాసం?"

"తీసుకో. కానీ ఈ కాగితం ఆ రాయిని తాకింది. నేను రుద్దక ముందు తాకింది. నీ ఫోను తాకలేదుగా" అన్నాడు తమ్ముడు. మరదలు ఫోను లోపల పెట్టేసింది.

మరి చిక్కేమిటంటే, ఫ్రేముల షాపాయన. ఆయనది పెద్ద కొట్టు. ఈమధ్య మా వాడు ఏ బొమ్మకి చెయ్యెత్తితే ఆయనా దానికే ఎత్తుతున్నాడు. ఈ ముసలాడికి కన్నుందని కనిపెట్టాడు మరి. పాడుకున్న దాన్ని తన దగ్గరున్న ఫ్రేముకి సరిపోయేలా కాగితం అంచులు కత్తిరించి కడతాడు. కాళ్ళు పొడుగైతే కాళ్ళు, తల పొడుగైతే తల. ఆ చేతిలో పడితే అమ్మ ఒళ్ళోని చీపురు మిగులుతుందో లేదో.

"అందుకని రేపు పాట నువ్వు పాడాలి. నేను వెనకాల మూల కూచుంటాను. నా చెయ్యి కదలదు. నా దగ్గరున్నది అయిపోయిందంటే కళ్ళజోడు తీస్తాను. అప్పుడు ఆపెయ్యి. ఇంకొకటి. నువ్వక్కడ నోరు విప్పకూడదు" అన్నాడు తమ్ముడు.

"వదినగారు నోరు విప్పకుండానా! వేరే ఎవర్నన్నా చూసుకోండి" అంది మరదలు.

మర్నాడు నేను ఉన్నవాటిలో మంచి చీర కట్టుకుని రెండో వరసలో కూచున్నాను. నా చేతికి నంబరున్న అట్ట ఒకటిచ్చారు. పాట పాడాలంటే గొంతు కావాలనుకునేదాన్ని, అక్కడ భుజం కావాలి. మా బొమ్మ వచ్చింది. వేలంపాటాయన బల్ల వెనకనుంచి ధర చెప్పాడు. నేను అట్ట ఎత్తాను. ఫ్రేములాయనా ఎత్తాడు, పళ్ళు కుట్టుకుంటూ, తీరుబడిగా. మాటిమాటికీ ఎత్తి దించడం దేనికని నేను ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉంచేశాను.

"అమ్మా, ఇప్పుడు మీ పాటే నడుస్తోంది, చెయ్యి దించొచ్చు" అన్నాడు వేలంపాటాయన.

నోరు విప్పకూడదు గదా. తల అడ్డంగా ఊపాను. హాల్లో నవ్వారు. ఫ్రేములాయన కూడా నవ్వి, పోనీలే ముసల్ది అన్నట్టు అట్ట ఒళ్ళో పెట్టుకోబోయి, ఎందుకో వెనక్కి తిరిగి చూశాడు. నేనూ చూశాను.

మూల కుర్చీలో మా తమ్ముడు. కళ్ళజోడు తీసేసి ఉన్నాడు.

ఆపెయ్యాలి. మాట అదే. కానీ వాడి మొహం చూస్తే, వాడు జోడు తీసింది నాకు చెప్పడానికి కాదు, చొక్కా అంచుతో కళ్ళు ఒత్తుకోవడానికి. ఫ్రేములాయన కూడా అది చూశాడు. చూసినవాడు ఊరుకుంటాడా, నిటారుగా కూచుని మళ్ళీ అట్ట ఎత్తాడు. ధర పెరిగింది. నా చెయ్యి దిగలేదు. ఆయన మళ్ళీ ఎత్తాడు. నా చెయ్యి దిగలేదు. వెనకనుంచి మరదలు నా జడ లాగుతోంది. వాడి డబ్బు దాటిపోయిందని నాకు అర్థమవుతూనే ఉంది. నా సంచీలో ఉన్నదీ దాటిపోయే దారిలో ఉంది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు. ఆ రోజు అదే పనికొచ్చింది.

"ఏమయ్యా ఫ్రేములాయనా, ఆవిడ మా అమ్మ. నీకేమవుతుంది?" అన్నాను, హాలు హాలంతా వినబడేలా.

వేలంపాటాయన సుత్తి గాల్లో ఆగింది. అందరూ బొమ్మ వంక చూశారు, నా వంక చూశారు. మాకు కనుబొమలు ఒకటే, గాటు తప్ప. ఫ్రేములాయన ముందు ఎర్రబడ్డాడు. తర్వాత ముక్కు గోక్కున్నాడు.

"నాకేమీ కాదు లెండి" అని అట్ట కుర్చీ కింద పెట్టేశాడు.

ఒకటోసారి, రెండోసారి, మూడోసారి. సుత్తి పడింది. అప్పుడు గాని నా చెయ్యి దిగలేదు. దిగాక మళ్ళీ వారం దాకా లేవలేదు, అది వేరే సంగతి.

డబ్బు కట్టే చోట, పాడిన ధర మీద కమీషను కూడా ఉంటుందన్నారు. "మా అమ్మకి మీరు కమీషను తీసుకుంటారా" అని గుమాస్తాతో కాసేపు పోట్లాడి, ముగ్గురి సంచులూ బోర్లించి కట్టేశాం. గుమాస్తా బొమ్మని రెండు అట్టల మధ్య పెట్టి, దారం కట్టి, మా తమ్ముడికి అందించాడు.

వాడు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నువ్వు పట్టుకో అక్కా."

"నా భుజం పడిపోయింది, కనబడటంలా? నువ్వే పట్టుకో."

"వద్దక్కా. ఈ చేతులకి వద్దు."

గుమాస్తా అట్టలు పట్టుకుని మా ఇద్దరి మధ్యా నిలబడిపోయాడు. మరదలు నా వంక చూసింది. ఇన్నేళ్ళుగా ఇసక, రుద్దుడు, పిచ్చి అని నేను వేళాకోళం చేసినవాడు, వాకిట్లో నిలబడి లోపలికి రానన్న పసివాడిలా ఉన్నాడు. కానీ నేను బుజ్జగించేదాన్ని కాదు, నాకది చేతకాదు.

"ఒరేయ్, అమ్మ దగ్గరుండి నీళ్ళు పోసింది గదరా. ఇష్టం లేకపోతే పోస్తుందా? మేస్త్రి నెత్తిన కుమ్మరించేది. నీకు ఉద్యోగం ఉండాలని పోసింది. పట్టుకో."

వాడు చేతులు ముందుకు తెచ్చాడు. ప్యాంటుకి ఒకసారి ఇటూ ఒకసారి అటూ తుడుచుకున్నాడు. అట్టలు అందుకుని, కింద ఒక చెయ్యి, మీద ఒక చెయ్యి వేసి పట్టుకున్నాడు. మెట్లు దిగుతూ బరువుగా ఉందా అని అడిగితే లేదన్నాడు. బస్సులో సీటు ఖాళీ అయితే నన్ను కూచోమనకుండా తనే కూచున్నాడు. మర్యాద తెలియని వెధవ. ఏమీ అనలేదు నేను. వాడి ఒళ్ళో అమ్మ ఉంది.