ఖాళీ బెంచీకి హాజరు

రెండేళ్ల కిందటి మాట. నారాయణఖేడ్‌లో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెబుతూ, పార్ట్‌టైమ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను. నా పరిశోధన ఫేస్ రికగ్నిషన్ మీద, అంటే ముఖం చూసి మనిషిని పోల్చుకోవడం కంప్యూటర్‌కు నేర్పడం. ఆ ఏడాది బ్లాక్‌బోర్డుకు పైన ఒక కెమెరా బిగించి, రెండో సంవత్సరం పిల్లల హాజరు దానికి అప్పగించాను. పేర్లు పిలిచే పని తప్పిందని స్టాఫ్ రూములో అందరికీ చెప్పుకుని మురిసిపోయాను.

నా గది తలుపు మీద 'డౌట్లు ఎప్పుడైనా అడగవచ్చు' అని ఒక కాగితం అంటించి ఉండేది. వచ్చేవాళ్లు మాత్రం అరుదు. ఈ పిల్లలకు చదువు మీద ధ్యాస లేదని తిట్టుకునేవాణ్ణి.

ఒక మధ్యాహ్నం కల్హేర్ నుంచి వచ్చే అమ్మాయి తలుపు దగ్గర నిలబడింది. హమ్మయ్య, ఒక్కరైనా వచ్చారనుకున్నాను. ఆమె వచ్చింది డౌట్ కోసం కాదు, నోటీసు బోర్డు మీద హాజరు పట్టిక చూసి. తన పక్కన కూర్చునే ఎస్తేరు క్లాసుకు రాక నెల దాటిందట. తల్లితో కూలికి హైదరాబాద్ పోతున్నానని చెప్పి వెళ్లిందట. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్ వస్తోందట. ఇదంతా చెప్పి గొంతు తగ్గించింది.

"మరి దానికి రోజు హాజరు ఎట్ల పడుతుంది సార్?"

ఎస్తేరుది సిర్గాపూర్ దగ్గర పల్లె. మూడో బెంచీ. నాకు తెలిసింది అంతే. ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. కంప్యూటర్ తాను చేసిన పనులు రాసిపెట్టుకునే లాగ్ తెరిచి చూశాను. నిజమే. ప్రతిరోజూ పదకొండున్నర దాటగానే ఎస్తేరు పేరు పడుతోంది. పిల్లల ఫోటోలు దాచకూడదని నేనే నియమం పెట్టుకున్నాను. కెమెరా ముఖాన్ని అంకెలుగా మార్చి, పోల్చి, ఆ ఫోటోను పారేస్తుంది. కాబట్టి అది ఏం చూసి ఆ పేరు రాసిందో తెలుసుకునే దారి లేదు.

లేని మనిషిని ఉన్నట్టు చెప్పే పొరపాటును మా భాషలో ఫాల్స్ పాజిటివ్ అంటారు. అలాంటివి ఎప్పుడో ఒకసారి, ఎవరి పేరు మీదో వస్తాయి. రోజూ అదే వేళకు అదే పేరు మీద రావడం నేను వినలేదు. మర్నాడు పాఠం చెబుతున్నంతసేపూ చూపు మూడో బెంచీ మీదికే పోయింది. సంగతి అప్పటికే పిల్లల్లో పాకిపోయింది. ఆ బెంచీ దగ్గరికి ఎవరూ పోవడం లేదు. కల్హేర్ అమ్మాయి కూడా ముందుకు జరిగి కూర్చుంది. బోర్డు మీద ప్రోగ్రాం రాసి, చేతులు దులుపుకుని ఫోన్‌లో లాగ్ చూశాను. ఎస్తేరు, హాజరు. దెయ్యాలను నమ్మేవాణ్ణి కాను గానీ, పట్టపగలు, నలభై మంది మధ్య, ఆ బెంచీ పక్కకు నేనూ పోలేదు.

పరీక్షలు మూడు వారాల్లో ఉన్నాయి. హాజరు చాలని వాళ్లకు హాల్‌టికెట్ రాదు. సంగతి చెబితే ప్రిన్సిపాల్ ఆమెకు ఆ నెల పడిన హాజరు మొత్తం కొట్టేయమన్నారు. నాకూ అదే సుళువు, ఎందుకంటే ఈ కెమెరా హాజరు మీదే ఒక కాన్ఫరెన్సుకు పేపర్ పంపవలసి ఉంది, ఆ ఒక్క వరుస తీసేస్తే నా ఫలితం అద్దంలా ఉంటుంది. తీసేయబోతుంటే పక్కన కంప్యూటర్లు తుడుస్తున్న ల్యాబ్ అటెండర్ యూసుఫ్ భాయ్ ఆగాడు.

"మిషన్ సంగతి తర్వాత చూడుండ్రి సార్. గా పిల్ల ఏడుందో జల్ది కనుక్కోండ్రి. బతికుందో లేదో."

లాగ్ తెరిచిన దగ్గర్నుంచి ఒక్కసారీ నాకు తట్టని ప్రశ్న అది. సిగ్గేసింది.

ప్రిన్సిపాల్‌ను అడిగి ఒక్క రోజుకు ఫోటోలు దాచే ఏర్పాటు చేశాను. క్లాసు అయ్యాక ల్యాబ్‌లో ఒక్కణ్ణే కూర్చుని తెరిచాను. మూడో బెంచీ ఖాళీగానే ఉంది. ముఖాన్ని గుర్తించినప్పుడు గీసే ఆకుపచ్చ గడి మాత్రం గది చివర, కిటికీ అద్దం మీద ఉంది. అందులో ఒక ముఖం. నుదురు, కనుబొమలు, చెంపలు బూడిద పూసినట్టు తెల్లగా ఉన్నాయి. కళ్లు సూటిగా బోర్డు వైపు చూస్తున్నాయి. పది ఫోటోలలో అదే ముఖం. నేను బోర్డు వదిలి పిల్లల మధ్యకు వచ్చిన ఫోటోలలో మాత్రం కిటికీ ఖాళీ.

అప్పుడు నా అలవాటు నాకు గుర్తొచ్చింది. పదకొండున్నరకు నేను బోర్డు మీద ప్రోగ్రాం రాయడం మొదలుపెడతాను. గంట కొట్టేదాకా వెనక్కి తిరిగేది తక్కువ. ఆ ముఖం నా వీపు కోసం కాచుకుని ఉంటోంది.

మర్నాడు ఆ వేళకు చాక్‌పీసు ఒక విద్యార్థి చేతికిచ్చి, రాస్తూ ఉండమని చెప్పి, చప్పుడు చేయకుండా బయటికి నడిచాను. క్లాసు వెనక కొత్త గదులు కడుతున్నారు. ఇసుక కుప్ప దాటి మలుపు తిరిగాను. కిటికీ కింద నాలుగు ఇటుకలు పేర్చి, వాటి మీద మునివేళ్ల మీద నిలబడి ఉంది ఎస్తేరు. జుట్టు నిండా సిమెంటు దుమ్ము. ముఖానికి చుట్టుకునే గుడ్డ మెడలో వేలాడుతోంది. చించిన సిమెంటు సంచి కాగితం గోడకు ఆనించి, బోర్డు మీది ప్రోగ్రాం ఎక్కించుకుంటోంది.

పేరు పెట్టి పిలిచాను. ఇటుకల మీంచి దూకి, కాగితం వెనక దాచుకుంది. తండ్రికి పనిలో కింద పడి నడుము విరిగిందట. ఫోన్ అమ్మేశారట. ఆ ఏడు మేస్త్రీ హైదరాబాద్‌కు కాక ఇక్కడికే, మా కాలేజీ పనికే తెచ్చాడట. నీళ్లు తాగడానికి పావుగంట వదిలినప్పుడు ముఖం మీది గుడ్డ తీసి కిటికీ దగ్గరికి వస్తోంది.

"లోపలికి ఎందుకు రాలేదు? నాతో చెప్పొచ్చు కదా" అన్నాను.

"గీ బట్టలతోని ఎట్లొస్త సార్? మీ రూం కాడికి రెండుసార్లొచ్చిన. మీరు కంప్యూటర్ల చూస్తుండ్రి. తలకాయ లేపలే."

రాసుకున్న కాగితాలన్నీ ఇమ్మని చేయి చాచాను.

ఆ సాయంత్రం ఫోటోలు, ఆమె రాసుకున్న సిమెంటు సంచి కాగితాలు ప్రిన్సిపాల్ ముందు పెట్టాను. ఆయన ఒక్కొక్క కాగితం తిరగేసి, హాజరు కొట్టేయమన్న మాట వెనక్కి తీసుకున్నారు. మేస్త్రీతో మాట్లాడి ఆమెకు పని మధ్యాహ్నానికి మార్పించాం. పేపర్‌లో ఆ వరుస తీయలేదు. యంత్రం తప్పు చేయలేదని, కెమెరా ఉందన్న ధీమాతో చూడటం మానేసింది నేనేనని రాశాను. కాన్ఫరెన్సు వాళ్లు తిప్పి పంపారు.

ఎస్తేరు మళ్లీ క్లాసుకు వచ్చిన రోజు మూడో బెంచీలో కూర్చుని, తల ఎత్తకుండా రాసుకుంటూనే ఉంది. గంట ముగిసే ముందు లాగ్ చూశాను. ముఖం కనబడక కెమెరా ఆమెకు గైర్హాజరు వేసింది. పాత రిజిస్టర్ తెప్పించాను. బోర్డుకు వీపు పెట్టి నిలబడి, మొదటి పేరు నుంచి పిలుచుకుంటూ వచ్చాను.

"ఎస్తేరు."

"ఉన్న సార్."

కొంచెం బొంగురు గొంతు.