తీగెకి గీత, రాయికి చదరం

"చివరి ఈక మోగుతోందా?" అన్నారాయన.

"మోగుతోందండీ, పడుకోండి," అని చెవి దగ్గర అరిచాను.

మేమిద్దరం మాట్లాడుకున్న ఆఖరి మాటలవే. నాది రంపపు గొంతు. ఉలి దెబ్బలకి చెవులు పోయిన మా ఆయనకి ఆ గొంతు ఒక్కటే అందేది.

ఆ ఈక సంగతి చెబుతాను, రాసుకో మనవరాలా.

బందరులో మా పాకలోనే ఆయన శిల్పాలు చెక్కేవారు. గుడివాడ సంగీత సభవాళ్లు రాతి నెమలి కావాలన్నారు. తోకలో ఎనిమిది ఈకలు నిలబడాలి, కొయ్య పుల్లతో తడితే సరిగమలు పలకాలి. బెజవాడ నుంచి పడవ మీద వచ్చిన పలకలూ ఎనిమిదే. చెవుడు సంగతి సభవాళ్లకి తెలిస్తే పని పోతుంది. అందుకని చెయ్యి ఆయనది, చెవి నాది. శ్రుతి హెచ్చుగా ఉంటే వేలు పైకి చూపించేదాన్ని, కుదిరితే మడిచేదాన్ని. మా నాన్న నాగాయలంక భజనల్లో తంబురా పట్టేవాడు, నాకు శ్రుతి అక్కడ పట్టుబడింది.

సా కుదిరింది. పా కోసం ఆయన వీణ లెక్క వేశారు. తీగెలో మూడు పాళ్లకి రెండు పాళ్లు మోగిస్తే పా వస్తుంది కదా, పలకనీ అలాగే కోశారు. తట్టాను. పై సా కూడా దాటి కీచుమంది.

"ఏమే, ఎంత హెచ్చింది?"

"ఇంటి కప్పెక్కి కూర్చుందండీ!"

ఆయన ముఖం పాలిపోయింది. కోసిన రాయి మళ్లీ పెరగదు.

నేల మీద బొగ్గుతో గీస్తూ, చెరుపుతూ, తునకలన్నీ నా చేత తట్టిస్తూ కూర్చున్నారు. చివరికి ఒక చదరం గీశారు. "తీగెకి గీత చాలు. రాయికి ఆ గీత మీద చదరం కట్టాలే. చదరంలో మూడో పాలు తీసేసి, మిగిలినదాన్ని మళ్లీ చదరం చేస్తే, దాని పక్కే ఈక పొడుగు."

నాకు అర్థం కాలేదు గానీ, పై సా కోసం ఉంచిన పలకని ఆ కొలతకి కోస్తే పా పలికింది. మిగతావీ అలాగే కుదిరాయి. ఇక పై సాకి ఆ చెడిన ఈకే దిక్కు. దాని శ్రుతి కాస్త దించాలి. ఈక అడుగున మొదలు పలచబడితే శ్రుతి దిగుతుంది, మరీ పలచబడితే విరుగుతుంది.

ఆయన గరుకు రాయితో ఆ మొదలు అరగదీస్తుండగా సభ కార్యదర్శిగారు వచ్చారు.

"శిల్పిగారూ, ఏవిటి పలకరు? మా మీద అలకా?"

"శ్రుతి కుదిరేదాకా మౌనవ్రతమండీ," అన్నాను.

"మరి తమరికి లేదా వ్రతం?"

"ఇద్దరూ నోరు కట్టుకుంటే మీతో ఎవరు మాట్లాడతారండీ?"

తట్టాను. ఇంకా హెచ్చే. వేలు చూపించాను. ఆయన మళ్లీ రుద్దారు. తట్టాను. రెండు సాలూ కలిసిపోయాయి! వేలు మడిచేశాను. కానీ ఆయన నావైపు చూడలేదు, చూపు రాయి మీదే ఉంది, చెయ్యి మళ్లీ లేస్తోంది. అరిస్తే గుట్టు రట్టవుతుంది. నా వేళ్లు తీసుకెళ్లి ఆ గరుకు రాయి కింద పెట్టాను. తోలు లేచిపోయింది. ఆయన ఆగారు.

"వ్రతం ముగిసిందా అమ్మా?" అన్నారు కార్యదర్శిగారు.

"ముగిసిందండీ," అన్నాను, చెయ్యి కొంగులో చుట్టుకుని.

ఆ పలచని మొదలు ఎప్పుడు విరుగుతుందోనని పోయేదాకా ఆయనకి బెంగే. అందుకే ఆ ప్రశ్న.

రాశావా? గీత అన్నచోట గీతే ఉండాలి, చదరం అన్నచోట చదరమే ఉండాలి. ఏదీ, మొదట్నుంచి చదివి వినిపించు. గట్టిగా చదువు.