చెవి వైపు కోత

మంగళవారం పొద్దున నందిగామ బస్సు కండక్టరు మా కళ్ళజోళ్ళ దుకాణం ముందు ఆగి, "మీ డాక్టరు గారు పోయారటండీ, గుండె ఆగిందట" అన్నాడు. చేతిలో ఉన్న అద్దం బల్ల మీద పెట్టేశాను. అది ఎవరి అద్దమో తర్వాత ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు.

పరాంకుశరావు గారు నందిగామలో కళ్ళ శుక్లాలు తీసేవారు. జగ్గయ్యపేటలో ఆ కళ్ళకు అద్దాలు కొలిచి ఇచ్చేది నేను. ప్రతి చీటీ మీదా ఆయన గడియారం ముఖం గీసి, కత్తి పడినచోట ఎర్రసిరాతో గీటు పెట్టేవారు. "నీ అద్దం నా కోత మీద తీర్పు. దాచకుండా రాయి" అనేవారు.

వడ్రంగి కోటాచారి గారి కుడికంటికి ఆ తీర్పు ఘోరంగా వచ్చింది. మామూలు అద్దం పెడితే నిలువుగీత నిలిచింది, అడ్డగీత చెదిరింది. ఒక్క దిక్కునే బలం ఉండే సిలిండర్ అద్దం కలిపితే రెండూ తేటపడ్డాయి గాని, చదరపు చట్రం నిలువుగా సాగినట్టు కనిపించింది.

"మూలమట్టం పెట్టి చూసినా నమ్మకం కుదరట్లేదు బాబూ. ఈ కంటితో ద్వారబంధం ఎట్లా చేసేది?" అన్నారాయన.

ఉన్నదున్నట్టు రాసి పంపాను. డాక్టరు గారు పాత చీటీలన్నీ తెమ్మన్నారు. ఇద్దరం వరసలు వేశాం: కోసిన చోటు, అద్దం బలం, అద్దం తిప్పిన కోణం. కోసిన దిక్కున కంటి వంపు చదునవుతోంది. ఆచారి గారి ఎడమకంటి ముందు వలయాల బిళ్ళ పట్టి కంటి మీద పడిన దాని నీడ చూస్తే, పైనుంచి కిందికి వంపు పుట్టుకతోనో వయసుతోనో ముందే తక్కువ. కుడికన్నూ అలాగే ఉండి ఉండాలి. అందరికీ కోసినట్టే దాన్నీ పైన కోశారు; ఉన్న కాస్త వంపూ ఇంకా చదునైంది.

"నేర్పినట్టు కోశానే గాని, చూసి కోయలేదు" అన్నారు. ఆ మాటే ఆచారి గారింటికి వెళ్ళి, నా ఎదుటే చెప్పారు.

"తలుపు వంకరొస్తే ఊడదీసి మళ్ళీ చేస్తానండీ. మీరేం ఊడదీస్తారు?"

"ఏమీ తీయలేను ఆచారి గారూ. ఎడమకన్ను నాకిస్తే, ఈసారి చెవి వైపు కోస్తా, అడ్డం వంపు తగ్గి రెండూ సమానమవుతాయి."

"ఇస్తాలెండి. ఇంకెవరికిస్తా?" అన్నారు ఆచారి గారు.

ఎడమకంటి శుక్లం ముదిరేదాకా ఆగాం. ఆ శుక్రవారం కోత అనుకున్నాం. మంగళవారమే డాక్టరు గారు పోయారు.

తన తప్పు తానే వెతికి, రోగి గడప ఎక్కి ఒప్పుకున్న వైద్యుణ్ణి నేను మరొకరిని ఎరగను. ఆయనకు నమస్కరిస్తున్నాను. ఆచారి గారి చీటీ పట్టుకుని ఇద్దరు డాక్టర్ల దగ్గరికి వెళ్ళాను. పక్కనుంచి కోయడం తమకు అలవాటు లేదన్నారు.

నిన్న ఆచారి గారు దుకాణానికి వచ్చారు.

"ఎటు కొయ్యాలో నీకు తెలుసు గదా బాబూ?"

"తెలుసండీ. కొయ్యడం తెలీదు."

"అయితే ఈ కన్ను కూడా ఆయనతోనే పోయింది" అన్నారు.