గచ్చు అని రాసిన కాగితం

మొన్న మా అమ్మాయి కొన్న పాత ఫ్లాటులో టైల్స్ వేయడానికి వచ్చిన మేస్త్రీ, నేలను ఓసారి సుత్తితో తట్టి చూసి, "గచ్చు పగలగొట్టేద్దామా, దాని మీదే పరిచేయమంటారా అండీ?" అని అడిగాడు. సిమెంటు నేలను పట్టుకుని గచ్చంటావేమిటయ్యా అని నోటిదాకా వచ్చిన మాట మింగేసి, మంచినీళ్ళ వంకతో వంటింట్లోకి వెళ్ళిపోయాను. ఒక్క చిన్న మాట ఎంత పాత పుండును కెలుకుతుందో నా ఈడువాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు.

మాది ముసునూరు పక్కన చిన్న ఊరు. తాతా నాన్నా సున్నం పనివాళ్ళు. గుంటలో నెలల తరబడి నానిన సున్నాన్ని ఇసుకతో కలిపి గానుగలో మెత్తగా నూరి, కరక్కాయ నీళ్ళూ బెల్లపు నీళ్ళూ పోసి, చెక్కలతో రోజుల కొద్దీ కొట్టి, చివర నున్నటి రాయితో రుద్ది మెరుగు పెడితే వచ్చే నేలనే మా ఇంట్లో గచ్చు అనేవారు. సిమెంటుతో చేసినదాన్ని నాన్న సిమెంటు అనేవాడే తప్ప పొరపాటున కూడా గచ్చు అనేవాడు కాదు, ఎవరైనా అంటే ముఖం చిట్లించేవాడు. కానీ ఎనభైలు వచ్చేసరికి సున్నం పనికి పిలిచేవాళ్ళు కరువై, ఏడాదిలో సగం రోజులు మామిడి తోటల్లో కాయ కోతకు వెళ్ళేవాడు. నేను మాత్రం పాలిటెక్నిక్ గట్టెక్కి, పాత కట్టడాలను కాపాడే సర్కారు ఆఫీసులో టెంపరరీ ఓవర్సీరునై, ఇస్త్రీ చొక్కాతో అందరికీ సలహాలిస్తూ తిరిగేవాణ్ణి.

ఆ రోజుల్లోనే నూజివీడు శివార్లలో ఒక పాత జమీందారీ ఇల్లు ప్రభుత్వ రక్షణ కిందికి వచ్చి, బాగుచేసే పని నా చేతిలో పడింది. ఆ ఇంటి మధ్య హాలులో గచ్చు చేసింది మా తాత. ఇంటివాళ్ళు ఏటా వేసవిలో అందులోనే గడ్డి పరిచి రసాలు మగ్గబెట్టేవారు, కుళ్ళిన కాయల రసం దిగీ దిగీ ఒక మూల మంచమంత మేర పొరలు లేచిపోయింది. ఆ మూల వరకే తీసి, అతుకు తెలియకుండా పాతదానితో కలపాలి. పని నాన్నకే ఇప్పించాను, అయితే ఆయన మా నాన్న అని ఆఫీసులో చెప్పలేదు. సొంతవాళ్ళకు ఇచ్చుకున్నానంటారన్నది నేను చెప్పుకున్న కారణం. ఓవర్సీరు తండ్రి కూలి మనిషని తెలియడం ఇష్టం లేకపోవడం అసలు కారణం. నాన్నకు ఇవేవీ పట్టలేదు. "మా అయ్య చేసినదాని పక్కన నా చెయ్యి పడుద్దిరా" అని రెండు రోజులు ఊరంతా చెప్పుకున్నాడు.

ఆ ఇంటికి తర్వాతెప్పుడో కట్టిన వెనక వరండా ఒకటి ఉంటే, దానికి సిమెంటు పని చేయడానికి రెడ్డిగూడెం నుంచి ఒక ముఠా వచ్చింది. నేను రెండు పనులూ ఒకే కాగితం మీద రాశాను. వరండాకు సిమెంటు ప్లాస్టరింగు చేయవలెను, హాలులో చెడిన గచ్చు తీసి కొత్త గచ్చు చేయవలెను, అంతే. హాలు పని నాన్నదని నాకు తెలుసు కదా, ఇంక రాయడమెందుకనుకున్నాను. ఆ కాగితం ముఠా మేస్త్రీ చేతిలో పెట్టి, ఉద్యోగం పర్మనెంటు చేసే ఇంటర్వ్యూ కోసం బెజవాడ వెళ్ళిపోయాను. నాన్న మంచి సున్నం కోసం చాట్రాయి వెళ్ళాడు.

మూడో రోజున తిరిగి వచ్చేసరికి హాలంతా పచ్చి సిమెంటు వాసన. నేల గోడ నుంచి గోడ దాకా బూడిద రంగులో తళతళలాడుతోంది. ముఠా మేస్త్రీ గర్వంగా, సన్న పగుళ్ళు అంతటా ఉన్నాయనీ, అందుకే మొత్తం తీయించి మంచి గచ్చు చేయించాననీ చెప్పాడు. అతన్ని తిట్టి ఏం లాభం, అతని ఊళ్ళో గచ్చంటే సిమెంటే. తాత చేసిన నేల పెళ్ళలు పెళ్ళలుగా తోట దారిలో బండి గోతుల్లో పడి ఉంది. నాన్న అక్కడ గొంతుక్కూర్చుని ఒక పెళ్ళను పంచె కొంగుతో తుడుస్తున్నాడు. నన్ను చూసి కూడా లేవలేదు.

తర్వాతి సోమవారం పెద్దాఫీసరు గారు తనిఖీకి వచ్చి, దీన్ని ఎవరు పగలగొట్టమన్నారని అడిగారు. ముఠా మేస్త్రీ నావైపు చూశాడు. నా ఉద్యోగం ఊడటానికి నేను నోరు తెరవడమే తరువాయి. తెరవలేదు. నాన్నే ముందుకొచ్చి, తలపాగా తీసి, "నేనేనండి. పాతది ఇంక పనికిరాదని నేనే చెప్పానండి" అన్నాడు. ఇతన్ని ఇకమీదట ఏ కట్టడానికీ పిలవకూడదని ఆఫీసరు గారు చెప్తుంటే, ఆ మాట నోటు చేసుకున్నది నేనే.

ఆ సాయంత్రం ఇంట్లో నాన్న అన్నది ఒక్కటే. "నువ్వు రాసింది తప్పు కాదులేరా. ఆ కాగితం చదివినోడికి ఇంకో గచ్చు తెలవదు." ఆ తర్వాత ఆయన తాపీ పట్టలేదు, పోయేదాకా మామిడి తోటల్లోనే పనిచేశాడు. నాకు పర్మనెంటు అయింది, ప్రమోషన్లూ వచ్చాయి.

ఇప్పుడు రోజులు తిరగబడ్డాయి. పాత ఇళ్ళకు సిమెంటు తగలనివ్వకూడదంటున్నారు, కరక్కాయకూ గానుగ సున్నానికీ మళ్ళీ మర్యాద వచ్చింది, ఆ పని తెలిసిన చెయ్యి మాత్రం మా వైపు ఒక్కటీ మిగల్లేదు. పోయిన నెల మా పాత ఆఫీసు నుంచి కొత్తగా చేరిన ఇంజినీరు ఒకమ్మాయి ఫోను చేసి, ఆ నూజివీడు ఇంటి హాలులో సిమెంటు తీసేసి మొదటి నేలలాగే చేయించాలనుకుంటున్నామనీ, ఆ పద్ధతి తెలిసినవాళ్ళు నాకెవరైనా తెలుసా అనీ ఎంతో మర్యాదగా అడిగింది. ఉండేవాడమ్మా ఒకాయన, అన్నాను. ఎవరండీ అని అడిగితే, ముసునూరు వైపు మేస్త్రీ అని చెప్పి ఫోను పెట్టేశాను.