పాలికలో మొలవని గోధుమ

నా చిన్నప్పుడు మా ఊళ్ళో గోధుమ మొక్కను చూడాలంటే ఎవరింట్లోనైనా పెళ్ళి జరగాల్సిందే. చుట్టూ వరిచేలే కదా! పెళ్ళికి ముందు పాలికల్లో, అంటే చిన్న మట్టి మూకుళ్ళలో, ముత్తైదువలు నవధాన్యాలు చల్లి పాలూ నీళ్ళూ పోసేవారు. అందులో గోధుమలూ ఉండేవి. మొలకలు పచ్చగా లేస్తే కొత్త కాపురం పచ్చగా ఉంటుందని నమ్మకం.

మా పిన్ని పెళ్ళి శ్రావణంలో కుదిరింది. వరి ఊడ్పులు అప్పుడే అయ్యాయి. ఆ ఏడే మా తాతయ్య పాలకొల్లు నుంచి కలుపుమందు తెచ్చి, ఇసకలో కలిపి చేలో చల్లాడు. మా ఊళ్ళో అదే మొదలు. గట్టు మీద కూర్చున్న నాకు ఏమీ అర్థం కాలేదు. చూస్తే విత్తనాలు జల్లినట్టే ఉంది, అడిగితే చంపడానికంటాడు. గడ్డిని చంపి వరిని వదిలెయ్యమని ఆ మందుకి ఎవరు చెప్పారు? తాతయ్య నవ్వి ఇంకో గుప్పెడు చల్లాడు. కలుపు లేని ఆ చేను చూసుకుని ఆయన మీసం దువ్వని రోజు లేదు.

పాలికలకు మన్ను కావాలంటే ఆయనే వెళ్ళి ఆ చేలోంచి తెచ్చాడు. గడ్డిపోచ లేని మన్ను, ఇంతకంటే శుభ్రమైనది ఎక్కడ దొరుకుతుందని అందరికీ చూపించాడు.

పెసలూ బొబ్బర్లూ బాగానే లేచాయి. వడ్లూ గోధుమలూ మాత్రం కొన బయటపెట్టి, చుట్టలు చుట్టుకుని అక్కడే ఆగిపోయాయి. ఇల్లంతా గుసగుసలు. పెళ్ళి ముందురోజు రామచంద్రపురం నుంచి వచ్చిన పెళ్ళికొడుకు తల్లి పాలికలు చూసి ముఖం మాడ్చుకుంది. వడ్లే మొలవలేదు, ఈ పిల్ల అడుగు మంచిదేనా అని పక్కావిడతో, అందరికీ వినపడేలాగే అంది. పిన్ని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. పెళ్ళి ఆగిపోతుందేమోనని అమ్మమ్మ గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది. గింజ మొలవకపోవడానికి పిన్ని ఏం చేసిందో తెలియక నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు తాతయ్య లేచి ఆవిడ ముందుకు వెళ్ళాడు.

"చెల్లెమ్మగారూ, అమ్మాయినేం అనకండి. ఆ మన్ను నేను తెచ్చిందండి. కలుపుమందు చల్లిన చేలోది. తప్పు నాదండి."

ఊరందరికీ ఆ మందు గొప్పలు చెప్పుకున్న మనిషి, ఆ ఊరివాళ్ళ ముందే ఆ మాట అన్నాడు. పెళ్ళికొడుకు తల్లి మళ్ళీ పాలికల వైపు చూసింది. ఆ తరవాత, "మావాళ్ళూ ఆ మందే మొన్న చేలో చల్లారండి, అన్నయ్యగారూ" అంది, అయోమయంగా. ఇక పిన్ని ఊసెత్తలేదు. పెళ్ళి జరిగింది.

నిజంగా మందు వల్లేనా అని తరవాత తాతయ్యను అడిగాను.

"ఏమో అమ్మడూ, నాకు మాత్రం ఏం తెలుసు? పిల్ల మీద పడకుండా చూశాను, అంతే."

తెలియకుండానే ఒప్పుకున్నాడన్నమాట! అప్పుడు రెండు మూకుళ్ళు తెచ్చి, ఒకదాంట్లో ఆ చేలో మన్నూ, ఇంకోదాంట్లో పెరట్లో బీరపాదు కింది మన్నూ పోసి, రెంటిలోనూ గోధుమలు చల్లాడు. పెరటి మన్నులో నిటారుగా లేచాయి. చేలో మన్నులో మళ్ళీ చుట్టలే. గోధుమా వరీ కూడా గడ్డిజాతేననీ, నారుగా ఎదిగిన వరి తట్టుకున్నట్టు పసిగింజ తట్టుకోలేదనీ ఆయన అనుకున్నాడు. కానీ ఆ ఏడు చేను బాగా పండింది. తరవాతి ఏళ్ళలో యూరియా ఎక్కువ అడగసాగింది. మన్ను తిరగేస్తే వానపాములు కనపడటం తగ్గింది. అది మందు వల్లో, కలుపు పీకి బురదలో తొక్కడం మానేసినందుకో ఆయనకు చివరిదాకా తేలలేదు. ఒక ఏడు మందు చల్లేవాడు, ఒక ఏడు కూలీలను పిలిచేవాడు.

నాకూ తేలలేదు. కలుపు తీసే మనుషులు దొరక్క నేనూ మందే చల్లిస్తున్నాను, చల్లించిన ప్రతిసారీ మనసు పీకుతూనే ఉంటుంది. ఒక్కటి మాత్రం ఆ రోజే తేలిపోయింది. కొత్త కోడలు అచ్చిరాలేదనో, పిల్లాడు ఎదగడం లేదనో ఎవరైనా నా దగ్గర మొదలుపెడితే, నా నోటికి ముందుగా వచ్చే మాట ఒకటే.

"మన్ను ఎక్కడిదండీ?"